గోకర్ణ: పారడైజ్ బీచ్ దాకా నడిచి రాత్రి అక్కడే ఉండాలంటే

మియాపూర్_నడక:

నమస్కారం. జనవరిలో ఒక వారాంతం గోకర్ణలో బీచ్‌ల వెంబడి నడిచి, చివరిదాని దగ్గర గుడారం వేసుకుని ఒక రాత్రి ఉండాలని నలుగురం అనుకుంటున్నాం. ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు. ఒకరికి 58 ఏళ్ళు. అనంతగిరి గుట్టల్లో వీపున సంచితో ఆరేడు కిలోమీటర్లు నడవడం అందరికీ అలవాటే. సముద్రం పక్కన పడుకోవడం మాత్రం అందరికీ కొత్త.

ఇప్పటికి వేసుకున్న లెక్క ఇది. శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో బస్సెక్కితే తెల్లారేసరికి హుబ్బళ్ళి. అక్కణ్ణుంచి యల్లాపుర, అరబైలు ఘాట్ మీదుగా అంకోలా, ఆపైన గోకర్ణ. మధ్యాహ్నం ఒంటిగంటకు నడక మొదలు: ఊరు, కుడ్లె, ఓం, హాఫ్ మూన్, పారడైజ్. ఆదివారం పొద్దున అవతలి బేలెకాన్ ఊరి వైపు దిగి ఆటో పట్టుకుని, రాత్రి బస్సుకు వెనక్కి. పౌర్ణమికి దగ్గరి వారాంతమైతే వెన్నెల ఉంటుంది, టార్చి పని తగ్గుతుందనుకున్నాం.

తెలియాల్సినవి: గుడారం నీళ్ళకు ఎంత దూరంలో వేయాలి? ఇసుకలో మేకులు నిలుస్తాయా? స్టవ్ తెచ్చుకోవచ్చా? నీళ్ళు ఎన్ని మోయాలి?


కెరటం_నిజాంపేట:

ముందు అనుమతి సంగతి. ఖాళీగా కనిపించిన ఇసుక మీదల్లా గుడారం వేసుకోవచ్చనుకోకండి. గోకర్ణ చేరిన రోజే పోలీస్ స్టేషన్‌లో అడగండి. గుట్టల మీది అడవిలోకి వెళ్తే అటవీ శాఖ అనుమతి కావాలి. వద్దంటే వద్దు. చీకటి పడ్డాక వచ్చి లేపేస్తే, ఆ రాళ్ళ దారిలో సామాను మోసుకుంటూ వెనక్కి రావడం చాలా ప్రమాదం. బీచ్ వెనక సొంత స్థలం ఉన్నవాళ్ళు ఒప్పుకుంటే అదే అన్నిటికంటే నిశ్చింత.

మీ లెక్కలో అసలు లోపం మధ్యాహ్నం ఒంటిగంట. ఘాట్ రోడ్డులో ఒక లారీ ఆగిందంటే ఆ ఒంటిగంట కాస్తా మూడవుతుంది. ఊరి నుంచి పారడైజ్ దాకా ఏడు కిలోమీటర్లని లెక్కేసుకోండి. బరువుతో, ఆగుతూ నడిస్తే నాలుగు గంటలు. జనవరిలో అక్కడ పొద్దు సుమారు ఆరుంబావుకు గుంకుతుంది. హాఫ్ మూన్ దాటాక వచ్చే రాళ్ళ మీద మీకు చీకటి పడుతుంది, నడకంతటిలో చీకట్లో ఉండకూడని చోటు అదే. ఒక రోజు పెంచండి. శనివారం గోకర్ణలో పడుకుని, ఆదివారం పొద్దున ఏడింటికి బయల్దేరండి. పదిలోపు ఓం బీచ్ చేరతారు. ఎండ అంతా అక్కడే నీడలో గడిపి, మూడింటికి మళ్ళీ లేవండి. నాలుగున్నరకు పారడైజ్‌లో ఉంటారు, వెలుగుండగానే గుడారం పని అయిపోతుంది. సోమవారం సెలవు పెట్టలేమంటే ఇది చేయకపోవడమే మంచిది.

దారి గురించి క్లుప్తంగా. ఊరి బీచ్ నుంచి కుడ్లెకు రామతీర్థం పక్కనుంచి గుట్ట ఎక్కి దిగడమే. కుడ్లె నుంచి ఓం దాకా ఎర్రని లేటరైట్ బండ, నీడ తక్కువ. ఓం దక్షిణపు కొసన మొదలయ్యే కాలిబాట చెట్లలోంచి, సముద్రానికి పైన వాలు మీద సాగుతుంది. రాయి మీద గోళీల్లాంటి ఎర్ర గులకలుంటాయి, దిగేటప్పుడు కాలు జారేది వాటి మీదే. అడుగున గట్లు అరిగిపోని బూట్లు కావాలి, చెప్పులు పనికిరావు. 58 ఏళ్ళ వారికి ఒక చేతికర్ర ఇవ్వండి. హాఫ్ మూన్ నుంచి పారడైజ్‌కు కొంత దూరం పెద్ద రాళ్ళ మీదుగా. నల్లగా, పచ్చగా మెరిసే రాయి మీద పాకుడు ఉంటుంది, తెల్లగా ఎండిన రాయి మీదే అడుగెయ్యండి. ఇక ఇసుకలోకి వచ్చాక: పొడి ఇసుకలో నడకకు గట్టి నేల మీద నడకకంటే రెట్టింపుకు పైగా శక్తి ఖర్చవుతుంది. నీళ్ళంచున తడిసి గట్టిపడిన పట్టీ మీద నడవండి.

ఇప్పుడు వెన్నెల సంగతి. పౌర్ణమి, అమావాస్యలకూ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులకూ పోటు అన్నిటికంటే పైకొస్తుంది. కొంకణ తీరంలో ఆ రోజుల్లో పోటు వేళ నడిమధ్యాహ్నానికీ నడిరాత్రికీ దగ్గర్లో పడుతుంది. అంటే సాయంత్రం మీరు చేరేసరికి నీళ్ళు ఎక్కడో కింద ఉంటాయి, విశాలమైన ఇసుక కనిపిస్తుంది, గుడారం అక్కడ వేస్తారు. అర్ధరాత్రి అలలు కాళ్ళ దగ్గరికొస్తాయి. ఇంట్లో గోడకున్న తెలుగు క్యాలెండర్ తీసి శుద్ధ అష్టమి, నవమి పడే వారాంతం చూడండి. అప్పుడు పోటుకూ ఆటుకూ తేడా తక్కువ. పోటు కూడా ఇంచుమించు సాయంత్రం ఐదారు గంటల వైపు వస్తుంది కాబట్టి, గుడారం వేసే వేళకే నీళ్ళు ఎందాకా వస్తాయో కళ్ళారా చూస్తారు. సగం చంద్రుడు నడిరాత్రి దాకా ఉంటాడు, మీరు కోరుకున్న వెలుగూ దక్కుతుంది.

కచ్చితమైన వేళలకు కార్వార్ పోటు పట్టిక చూసుకోండి. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య 12 గంటల 25 నిమిషాలు, అందుకే రోజురోజుకూ వేళ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. రోజులో వచ్చే రెండు పోట్లూ ఒకే ఎత్తు ఉండవు. సాయంత్రపు గీత తెల్లవారుజామునా అలాగే ఉంటుందని నమ్మి పడుకోవద్దు.

చోటు ఎంచుకోవడానికి చాలామంది ఇన్ని అడుగులని దూరం చెప్తారు. దూరం కాదు, ఎత్తు చూడాలి. ఎండిన నాచు, గవ్వలు, కొబ్బరి పీచు, ప్లాస్టిక్ మూతలు ఒక వరుసలో పడి ఉంటాయి. అది పోటు వదిలిన గీత. రెండు మూడు గీతలుంటే అన్నిటికంటే పైదాన్ని పట్టుకుని, దానికీ పైన బాలబంద తీగ, గడ్డి పాకిన చోటికి వెళ్ళండి. మొక్క బతికిందంటే ఉప్పునీళ్ళు అక్కడికి తరచూ రావని అర్థం. తీగను తొక్కేయకుండా, దాని అంచున ఖాళీ చోటు చూసుకోండి. చేత్తో జానెడు లోతు తవ్వితే ఇసుక పొడిగా ఉండాలి. పారడైజ్ చిన్న బీచ్, రాళ్ళు ఎక్కువ, అలాంటి చోటు కొద్దిగానే దొరుకుతుంది. దొరక్కపోతే గీత కింద సర్దుకోవద్దు, బేలెకాన్ వైపు నడిచి బయటపడండి. వాగు దిగే చోట, కొబ్బరి చెట్టు కింద, రాళ్ళు రాలే కొండ అంచు కింద కూడా వేయకూడదు.

చివరగా అలల హెచ్చరిక. దేశం మొత్తానికి సముద్ర హెచ్చరికలు మన ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం నుంచే వెళ్తాయి. బయల్దేరే ముందూ, ఆదివారం పొద్దునా ఉత్తర కన్నడ జిల్లాకు ఎత్తైన అలల హెచ్చరిక ఉందేమో చూడండి. స్థానికంగా గాలే లేకపోయినా, ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో పుట్టిన తుఫాను అలలు రోజుల తరబడి ప్రయాణించి మన పడమటి తీరానికి చేరతాయి. కల్లక్కడల్ అని హెచ్చరికల్లో కనిపించేది ఇదే. ఎక్కువగా వేసవిలో వస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉంది కదా అని కొట్టిపారేయకండి.


రాణిగంజ్_తాడు:

అన్నా, మేకుల సంగతి నేను చెప్తా. టెంటుతోని వచ్చే సన్న మేకులు ఎండిన ఇసుకల అస్సలు నిల్వవు. గాలి ఒక్కసారి గుంజితే ఊడొస్తయ్. ఇసుక మీద పట్టు మేకుతోని రాదు, పాతిపెట్టిన బరువుతోని వస్తది.

ఐదు కిలోల బియ్యం సంచులు పాతయి ఒక పన్నెండు జమ చేసుకోండ్రి. దిండు గలీబులైనా నడుస్తయ్. రాణిగంజ్‌లనో బేగంబజార్‌లనో నాలుగు మిల్లీమీటర్ల నైలాన్ తాడు నలభై మీటర్లు తీస్కోండ్రి. ఒక్కో సంచికి మూడు మీటర్ల ముక్క. ఇంట్లనే కోసి, కొసలు అగ్గిపుల్లతోని కాల్చుకుంటే పీచు లేవది.

అక్కడ సంచిని ఇసుకతోని నింపి మూతి కట్టండ్రి. తాడును మూతికి కాదు, సంచి నడుముకు కట్టాలె. టెంటు తాడు ఎటు పోతుందో దానికి అడ్డంగ మోచెయ్యంత లోతు గుంత తవ్వి సంచిని పండబెట్టండ్రి. తాడు బయటికొచ్చే దిక్కు ఇసుకల చిన్న వాలు కాలువ గీస్తే తాడు ఏటవాలుగ వస్తది. ఈ కాలువ మర్చిపోతే తాడు నిట్టనిలువుగ పైకి గుంజుతది, అర్ధరాత్రికల్లా సంచి లేసొస్తది. పూడ్చినంక మంచిగ తొక్కండ్రి, రెండు చెంబుల సముద్రపు నీళ్ళు పొయ్యండ్రి. తడి ఇసుక బిగుసుకుంటది. ఒక్కో టెంటుకు ఆరు సంచులు: నాలుగు మూలలకు నాలుగు, సముద్రం దిక్కు ఒకటి, గుట్ట దిక్కు ఒకటి.

నలుగురి టెంటు అని అమ్మేది ముగ్గురికే సరిపోతది, సంచులు లోపల పెడ్తే ఇద్దరికే. మీకు ఇద్దరిద్దరివి రెండు టెంట్లు మంచిగుంటయ్. ఒక్కోటి రెండు, రెండున్నర కిలోలు, బరువు పంచుకోవచ్చు.

గాలి సంగతి చానామందికి తెల్వది. సాయంత్రం గాలి సముద్రం దిక్కుకెళ్ళి వస్తది. రాత్రి నేల చల్లబడ్డంక అది తిరుగుతది, గుట్ట దిక్కుకెళ్ళి సముద్రానికి పోతది. సాయంత్రం గాలిని చూసి ఒక దిక్కే తాళ్ళు బిగిస్తే తెల్లారుగట్ల అటు పక్క కుప్పకూలుతది. టెంటు సన్నటి కొస సముద్రం దిక్కు, ఇంకో సన్నటి కొస గుట్ట దిక్కు ఉండేటట్లు పెట్టండ్రి. రెండు దిక్కులా సమానంగ బిగించండ్రి.

జనవరిల మంచు బాగ పడ్తది, తీరం దగ్గర ఇంకా ఎక్కువ. పైకప్పు గుడ్డకు, లోపలి గుడ్డకు నడుమ నాలుగేళ్ళ సందు ఉండాలె. గాలి కిటికీలు మూయొద్దు. మూస్తే మన ఊపిరి తేమనే చుక్కలై మీద పడ్తది, టెంటు కారుతుందనుకుంటరు. కింద పరిచే తార్పాలిన్ టెంటు అడుగుకంటే పెద్దగ ఉంటే అంచులు లోపలికి మడవండ్రి. బయటికున్న అంచు మీద పడ్డ మంచు అంతా కిందికే చేరుతది.

జిప్పుల జాగ్రత్త. ఇసుక రేణువు పడ్డంక గట్టిగ గుంజితే పండ్లు ఇరుగుతయ్. ఒక పాత టూత్ బ్రష్ దగ్గర పెట్టుకోండ్రి, లోపలికి పోయేముందు కాళ్ళు దులుపుకోను ఒక గోనెసంచి పరవండ్రి. ఇంటికొచ్చినంక టెంటు మొత్తం, ముఖ్యంగ జిప్పులు, కడ్డీల అతుకులు మంచినీళ్ళతోని కడిగి నీడకు ఆరబెట్టాలె. ఉప్పు ఉండిపోతే అల్యూమినియం కడ్డీలు ఒకదాంట్ల ఒకటి పట్టేసుకుంటయ్.

పొద్దున సంచులన్నీ తవ్వి తీసి, ఇసుక ఆడనే ఒంపి, ఖాళీ సంచులు వాపస్ తెచ్చుకోండ్రి. ఒక్కటి కూడ ఆడ ఉండొద్దు.


మియాపూర్_నడక:

ఇంత వివరంగా రాసినందుకు ఇద్దరికీ ధన్యవాదాలు. సోమవారం సెలవు దొరికింది. శుద్ధ అష్టమి దగ్గరి వారాంతానికి మార్చుకున్నాం, శనివారం గోకర్ణలోనే పడుకుంటాం. ఇంక తిండి, నీళ్ళు, స్టవ్ గురించి చెప్పండి. మాలో ఆడవాళ్ళు అడిగిన ప్రశ్న: అక్కడ మరుగుదొడ్డి సంగతి ఏమిటి? ఇంకొకటి, రాత్రి చలిమంట వేసుకోవచ్చా?


అటుకుల_మూట:

స్టవ్ మానేయండి. గ్యాస్ క్యాన్ రైల్లో నిషిద్ధం. బస్సులో సామాను కింద పెట్టి తీసుకెళ్ళడమూ తోటి ప్రయాణికులకు ప్రమాదమే. ఒక్క రాత్రికి మంట లేకుండా కడుపు నిండా తినొచ్చు.

ఇంటి నుంచి పులిహోర కలుపుకుని వెళ్ళొద్దు, శుక్రవారం కలిపిన అన్నం ఆదివారం రాత్రికి నిలవదు. దాని బదులు పులిహోర పులుసు తెచ్చుకోండి. చింతపండు గుజ్జు, నూనె, పోపు, పసుపు, ఉప్పు వేసి నూనె పైకి తేలేదాకా కాచి, బాగా చల్లారాక తడిలేని స్టీలు డబ్బాలో పెట్టండి. తేమ మిగిలితే బూజు పడుతుంది, అందుకే నూనె తేలడం ముఖ్యం. అక్కడ మనిషికి 150 గ్రాముల మందపాటి అటుకులు నీళ్ళలో ఐదు నిమిషాలు తడిపి, పిండి, రెండు చెంచాల పులుసు, వేయించిన పల్లీలు కలిపితే భోజనం తయారు. తడపడానికీ, గిన్నె తొలవడానికీ నలుగురికి రెండు లీటర్లు తీసిపెట్టుకోండి. దారిలోకి ఖర్జూరాలు, పల్లీ పట్టీలు, కరకరలాడే జొన్నరొట్టె, కొంచెం పచ్చడి. పెరుగన్నం, ఉడికించిన గుడ్లు ఆ ఉక్కలో వద్దు.

నీళ్ళు: గోకర్ణలో బయల్దేరేటప్పుడు మనిషికి రెండు లీటర్లు చాలు, ఎందుకంటే కుడ్లెలో, ఓంలో కొట్లున్నాయి. బరువు ఓం తర్వాత మొదలవుతుంది. మూడింటికి ఓం వదిలేటప్పుడు మనిషి దగ్గర నాలుగు లీటర్లు, పైన చెప్పిన వంట నీళ్ళు రెండు, మొత్తం 18 లీటర్లు ఉండాలి. అంటే 18 కిలోలు. అందుకే సంచిలో మిగతా సామాను ఏడెనిమిది కిలోలు దాటకుండా చూసుకోండి. మిగతావన్నీ గోకర్ణ లాడ్జిలో వదిలేయండి. ఒకే పెద్ద క్యాన్ కాకుండా లీటరు, రెండు లీటర్ల సీసాలు మేలు: ఒకటి పగిలినా మిగతావి ఉంటాయి, బరువూ పంచుకోవచ్చు. చెమట ఎక్కువ పోతే ఒట్టి నీళ్ళు తాగుతూ ఉన్నా తల తిరుగుతుంది, కండరాలు పట్టేస్తాయి. మనిషికి రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఒక్కోటి సరిగ్గా లీటరు నీళ్ళలో కలపండి. చిక్కగా కలిపితే కడుపులో తిప్పుతుంది.

ఓం దాటాక పడవలూ నడుస్తాయి. వానాకాలం కాని రోజుల్లో ఓం నుంచి పారడైజ్ వైపు పడవ మాట్లాడుకుని, 58 ఏళ్ళ వారిని, నీళ్ళ సీసాలను అందులో పంపి, మిగతావాళ్ళు నడవొచ్చు. సాయంత్రానికి పడవలు ఆగిపోతాయి. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కొద్దు.

మరుగుదొడ్డి అక్కడ లేదనుకునే వెళ్ళాలి. ఓం వదిలే ముందు కొట్ల దగ్గర అందరూ వెళ్ళి రండి. తర్వాత అవసరమైతే ఇసుకలో వద్దు. ఇసుకలో కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు తక్కువ, అలొచ్చి పైకి తెచ్చేస్తుంది. చెట్ల మధ్య మట్టి నేల మీద, నీళ్ళకూ కాలిబాటకూ అరవై డెబ్భై అడుగులు వేసేంత దూరంలో, జానెడు లోతు గుంత తవ్వి తర్వాత మట్టితో పూడ్చండి. చిన్న తాపీ ఒకటి చాలు. టిష్యూలు, ప్యాడ్లు పూడ్చొద్దు, కుక్కలు తవ్వుతాయి. నల్ల కవర్లో కొంచెం వంటసోడా చల్లి కట్టి, ఆ కవరును ఇంకో కవర్లో పెట్టి వెనక్కి తెండి, వాసన రాదు. వెలుగుండగానే ఆడవాళ్ళు తమ చోటు చూసి పెట్టుకోవాలి. రాత్రి ఒంటరిగా కాదు, ఇద్దరు కలిసి, టార్చితో.

మందుల పెట్టె పెద్దదక్కర్లేదు: బ్యాండేజీ, యాంటీసెప్టిక్, పారాసిటమాల్, సెట్రిజిన్, క్రేప్ బ్యాండేజీ, ఎవరి రోజువారీ మందులు వాళ్ళవి. పొద్దు గూకే వేళ ఇసుక ఈగలు కుడతాయి, దద్దుర్లు రోజుల తరబడి దురద పెడతాయి. ఆ గంట నిండు చేతుల చొక్కా, సాక్సులు వేసుకుని ఉండండి. ఆ లేటరైట్ గుట్టల్లో విషసర్పాలున్నాయి, బూట్లు తొడిగే ముందు దులపండి, టార్చి లేకుండా అడుగు వేయొద్దు. పాము కాటేస్తే కోయడం, బిగించి కట్టడం ఏదీ చేయకూడదు. కాటు పడిన కాలినో చేతినో కదలకుండా బద్ద కట్టి, మనిషిని నడిపించకుండా, విషానికి విరుగుడు మందు ఉండే ఆసుపత్రికి చేర్చాలి. కుమటలో తాలూకా ఆసుపత్రి ఉంది. వలల్లోంచి ఒడ్డున పడిన పాము కదలకపోయినా ముట్టుకోవద్దు. సముద్రపు పాముల్లో విషం చాలా గట్టిది.


దివిసీమ_కూకట్‌పల్లి:

చలిమంట వద్దండీ. ఇసుక కప్పేస్తే ఆరిపోయిందనుకుంటారు. కింద నిప్పు గంటల తరబడి అలాగే ఉంటుంది, పొద్దున్నే ఉత్తకాళ్ళతో వచ్చిన పిల్లాడు దాని మీద కాలేస్తాడు. తడి రాళ్ళ మధ్య మంట పెడితే లోపలి నీరు ఆవిరై రాయి పగిలి ముక్కలు ఎగురుతాయి. గుట్టల మీద గడ్డి జనవరికి ఎండిపోయి ఉంటుంది, రాత్రి గాలి దిక్కు మారుతుందని పైన రాణిగంజ్ వారు చెప్పారు కదా. వెలుగు కావాలంటే తలకు కట్టుకునే టార్చిని ఎర్ర లైటు మీద పెట్టుకోండి.

ఇదే అదనుగా ఒక మాట. ఈ చర్చ చదివేవాళ్ళలో చాలామంది గోకర్ణ దూరమని, మన తీరంలోనే సూర్యలంక అవతలో, హంసలదీవి దగ్గర పాలకాయతిప్పలోనో ఇలాగే గుడారం వేద్దామనుకుంటారు. జనవరి నుంచి మార్చి దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే కాలం. తెల్లటి వెలుతురు, మనుషుల అలికిడి ఉంటే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి తిరిగి వెళ్ళిపోతుంది. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. సముద్రం మీద మెరిసే వెలుగే వాటికి దారి. ఒడ్డున గుడారంలో లైటుంటే అటు పాకి, తెల్లారేసరికి కాకులకీ కుక్కలకీ చిక్కిపోతాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వీటిది మొదటి షెడ్యూలు, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ. పైగా కృష్ణ ముఖద్వారం చుట్టుపక్కల మడ అడవులు అభయారణ్యం, రాత్రి బస అక్కడ కుదరదు. ఆ నెలల్లో పగలు వెళ్ళి చూసి, చీకటి పడేలోపు వచ్చేయండి. సూర్యలంకలో రాత్రి ఉండాలంటే పర్యాటక శాఖ గదులున్నాయి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మా వైపు తుఫాన్ల కాలం. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెన ఊళ్ళకు ఊళ్ళనే తుడిచేసింది. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వార్తల్లో వినపడితే ఒడ్డున గుడారం ఆలోచనే పెట్టుకోకూడదు. పడమటి తీరానికి జూన్ నుంచి సెప్టెంబరు దాకా అదే లెక్క. 2024 జులైలో అంకోలా దగ్గర శిరూరులో కొండచరియ జాతీయ రహదారి మీదికే విరిగిపడి ప్రాణాలు పోయాయి. మీరు వెళ్ళేది ఆ దారినే కాబట్టి వానల్లో ఎవరూ ఈ ప్లాన్ వాడుకోవద్దు.

స్నానం సంగతి ఎవరూ రాయలేదు. కుడ్లె, ఓం దగ్గర లైఫ్‌గార్డులు ఉంటారు. హాఫ్ మూన్, పారడైజ్‌లో మిమ్మల్ని లాగేవాళ్ళు ఉండరు. అలలు విరుగుతున్న వరుసలో ఒక్కచోట మాత్రం విరగకుండా ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో సందు కనిపిస్తే, నురుగు అటు నుంచి లోపలికి పోతుంటే, అదే లాగేసే ప్రవాహం. కొత్తవాళ్ళు అలలు లేవు కదా అని సరిగ్గా అక్కడే దిగుతారు. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదితే అలసిపోయి మునుగుతారు. తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ప్రవాహం వదిలాక ఒడ్డుకు రావాలి. ఈత రానివాళ్ళు మోకాలి లోతు దాటొద్దు. పొద్దు గూకాక ఎవరూ నీళ్ళలో దిగొద్దు, ఎంత ఈత వచ్చినా సరే. మద్యం తాగినవాళ్ళు పగలు కూడా దిగొద్దు.


మియాపూర్_నడక:

మంట ఆలోచన మానేశాం. ఆఖరి సందేహం. పోలీసులు వద్దంటే ఏం చేయాలి? అనుమతి దొరికినా, రాత్రి ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే అక్కణ్ణుంచి బయటపడేదెలా? ఫోన్ సిగ్నల్ ఉంటుందా?


కెరటం_నిజాంపేట:

సిగ్నల్ హాఫ్ మూన్ నుంచే బలహీనం. లేదనుకునే సిద్ధపడండి. శనివారమే గోకర్ణలో ఒక ఆటో అతనితో మాట్లాడి, సోమవారం ఎనిమిదిన్నరకు బేలెకాన్‌కు రమ్మని చెప్పండి. రాత్రి పిలిస్తే వస్తాడో లేదో కూడా అప్పుడే అడిగి, నంబరు కాగితం మీద రాసుకోండి. హైదరాబాద్‌లో ఇంట్లో ఒకరికి మీ దారి, గుడారం చోటు, సోమవారం ఎన్నింటికి ఫోన్ చేస్తారో చెప్పి వెళ్ళండి. ఆ వేళ దాటి రెండు గంటలైనా ఫోన్ రాకపోతే వాళ్ళు 112కు చేయాలి. సముద్రంలో ఆపదైతే తీర రక్షక దళం నంబరు 1554.

బయటికి దగ్గరి దారి వచ్చిన దారి కాదు, బేలెకాన్. ఆ ఊరు కిలోమీటరు, కిలోమీటరున్నర. గుడారాలు బిగించగానే, ఇంకా వెలుగుండగా, ఇద్దరు ఆ దారి చివరిదాకా నడిచి చూసి రావాలి. రెండు బాటలు చీలే ప్రతి చోటా కంటి ఎత్తున కొమ్మకు తెల్ల గుడ్డ పేలిక కట్టండి, టార్చి వెలుగులో అది దూరం నుంచే కనిపిస్తుంది. సోమవారం వెళ్తూ విప్పి తీసుకెళ్ళండి. ఎంత అవసరమైనా రాత్రిపూట హాఫ్ మూన్ రాళ్ళ వైపు మాత్రం వెనక్కి వెళ్ళొద్దు. నడవలేని మనిషి ఉంటే, మీరు నలుగురే కాబట్టి, రోగి దగ్గర ఒకరు ఉండి, మిగిలిన ఇద్దరు కలిసి ఊళ్ళోకి వెళ్ళాలి.

అనుమతి దొరక్కపోతే ప్లాన్ పాడవదు. ఆదివారం రాత్రికి కుడ్లెలోనో ఓంలోనో గది తీసుకోండి. తెల్లారి ఆరున్నరకే, చిన్న సంచితో, మనిషికి రెండు లీటర్ల నీళ్ళతో పారడైజ్‌కు నడవండి. అక్కడ ఏడింటి ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. ఎండ ముదిరేలోపు బేలెకాన్‌లో ఆటో ఎక్కేస్తారు. బరువు లేకపోతే ఆ రాళ్ళ దారి 58 ఏళ్ళ వారికీ తేలిక. ఇసుక సంచులు, తాడు లాడ్జిలోనే ఉంటాయి, నష్టమేమీ లేదు.

పోటు పట్టికను ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, సిగ్నల్ లేని చోట వెబ్‌సైట్ తెరుచుకోదు. ఒక కాపీ కాగితం మీద కూడా ఉంచండి. కార్వార్ వేళలకూ గోకర్ణ వేళలకూ తేడా కొద్ది నిమిషాలే, అలాగే వాడుకోవచ్చు.